తువ్వాల కింది జీతం

మా మామ జలాలుద్దీన్ ఇంట్లో ఉప్పు ధర కూడా చెప్పేవాడు కాదు. సంత నుంచి ఉప్పూ మిరపకాయలూ తెచ్చి నా ముందు పెట్టేవాడు. ఎంత పడ్డాయి మామా అంటే మీసాల్లోనే నవ్వి కాళ్ళు కడుక్కోవడానికి పోయేవాడు. నలభై ఏళ్ళుగా పెబ్బేరు పశువుల సంతలో దలాలీ చేసిన మనిషి మరి. కొనేవాడి చెయ్యి ఒకసారి, అమ్మేవాడి చెయ్యి ఒకసారి తన తువ్వాల కిందికి తీసుకుని, వేళ్ళు పట్టి ధర తేల్చేవాడు. పక్కనున్నవాళ్ళకు తువ్వాల కదలడమే కనబడేది, లోపలి మాట తెలిసేది కాదు. ఆ మాట దళారి నోట ఒక్కసారి బయటపడిందా, ఇక అతని తువ్వాల కింద ఎవడూ చెయ్యి పెట్టడు. అది సంత కట్టుబాటు. మా అత్త బడేబీ, "నిఖా నాడు నాకియ్యాల్సిన మెహర్ పైకం ఎంతో గూడ తువ్వాల కిందనే చెప్పిండు మీ మామ" అని చచ్చేదాకా ఎత్తిపొడిచింది.

నేను చెప్పబోయేది యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఒక పల్లికాయ కాలం సంగతి. నేను, షంషాద్‌ను, అప్పటికి ఆ ఇంటికి కొత్త కోడల్నే. రంజాన్ పండుగ వెళ్ళింది, చేలల్లో కాయ పీకుతున్నారు. ఆ శనివారం సికింద్రాబాదు కంపెనీ లారీ మొదటిసారి మా సంతలోకి వచ్చింది. పెట్రోలంతా మిలిటరీకి పోతోందని బొగ్గుతో నడిచే లారీలు దింపారు. వెనక మనిషెత్తు ఇనుప డ్రమ్ము, దాని నిండా బొగ్గు, అడుగున నిప్పు. ఆ నిప్పులోంచి పుట్టే గ్యాసుతో ఇంజను నడుస్తుందట. అది మలుపు తిరిగిందో లేదో కోడెలు పలుపులు తెంపుకున్నాయి, మేకలు అరుగులెక్కాయి. నేను పరదా సంగతే మరిచిపోయి గోడెక్కి చూశాను. అంత ఇనుము, ముందు ఎడ్లు లేకుండా, వెనక తోసేవాళ్ళు లేకుండా తనంతట తాను కదిలి వస్తుంటే నా ఒళ్ళు జలదరించింది. మామ మాత్రం దాని చుట్టూ ఒక తిరుగు తిరిగి, ఎద్దును చరిచినట్టు పక్కన ఒక చరుపు చరిచాడు.

"గట్టిదే. పళ్ళు జూద్దమంటే నోరేడుందో తెల్వదు" అన్నాడు. సంతంతా నవ్వింది.

లారీ నడపడం వచ్చినవాళ్ళు మా దిక్కున అప్పట్లో చాలా తక్కువ. మా ఆయన అహ్మద్ వాళ్ళలో ఒకడు. వనపర్తి కృష్ణయ్య ఒకడు, నాగర్‌కర్నూల్ దశరథం ఒకడు, ఇంకా నలుగురైదుగురు. వాళ్ళలోనే ఇస్రాయేలు ఒకడు, అతనిది కృష్ణా నది అవతల మల్దకల్. తాత ముత్తాతల నుంచి ఒకరి చేలో కూలి చేసిన ఇల్లు. మిషన్ డాక్టరమ్మ మోటారు తుడుస్తూ తుడుస్తూ నడపడం నేర్చుకున్నాడు. పెళ్ళాం భాగ్యమ్మతో పుట్టిలో నది దాటి వచ్చి మా ఇంటి వెనకే గుడిసె వేసుకున్నాడు. వీళ్ళంతా సాయంత్రం కాగానే మా ఇంటి ముందు బండల మీద చేరేవాళ్ళు. నేను గోనె పరదా వెనక జొన్నరొట్టెలు కొడుతూ వినేదాన్ని.

ఏ నౌకరీ మంచిదని వాళ్ళు తర్కించినంత పిల్లకు సంబంధం చూసేవాళ్ళు కూడా తర్కించరు. సర్కారు బస్సు నౌకరీ అయితే ఖాకీ బట్టలు, నెత్తిన టోపీ, ముసలితనంలో కూడా ఇంత గంజి దొరుకుతుందని కృష్ణయ్య అనేవాడు. ఉర్దూ చదవడం రావాలి, పెద్దవాళ్ళ సిఫారసు కావాలి, మన మొహాలకు అవి ఎక్కడివని దశరథం కొట్టేసేవాడు. రాయచూరు సేటు దగ్గర జీతం మంచిదే, పండుగకు బియ్యం బస్తా కూడా ఇస్తాడు, కానీ టైరు పేలితే డ్రైవరు జీతంలోంచే కోస్తాడు. ఈ సికింద్రాబాదు కంపెనీకి చదువు అక్కర్లేదు, సిఫారసు అక్కర్లేదు, ఎవరి కులమేమిటని కూడా అడగలేదు. తోలి చూపిస్తే చాలట. అయితే ఎంత ఇస్తుందో మాత్రం పెదవి విప్పదు. ఇస్రాయేలు ఈ తర్కాల్లో నోరెత్తేవాడు కాదు. మాట అయిపోయాక, "స్టీరింగ్ చేతికిస్తె చాలన్న" అని లేచేవాడు.

తోలి చూపించే రోజు ఊరు ఊరంతా సంత మైదానానికి తరలింది. ఎడ్లబండ్ల వరస నడుమ నుంచి లారీని వెనక్కి నడిపి దిబ్బ ఎక్కించాలి. ఒకరు బండి చక్రం విరగ్గొట్టారు, మా ఆయన గోడకు గీరాడు. ఇస్రాయేలు తల బయటికి పెట్టి, ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ, దారం సూదిలోకి పోయినట్టు లారీని వెనక్కి తీసుకుపోయాడు. బండికి కట్టిన ఎద్దు తల కూడా ఎత్తలేదు. అది చూసి ముసలీ ముతకా అందరూ ఆహా అన్నారు. ఎవరు ఎంత బాగా తోలారో ఆ రోజు ఊరందరికీ తెలుసు.

జీతం దగ్గర కంపెనీ ఏజెంటు తన తెలివి చూపించాడు. సంతలో మామ తువ్వాల కింద బేరం చేయడం చూసి ముచ్చటపడ్డాడట. డ్రైవర్ల జీతాలు కూడా అలాగే తేల్చిపెట్టమని అడిగాడు. మామ పొంగిపోయాడు. అందరినీ కూచోబెట్టి గుర్తులు చెప్పాడు: ఒక వేలు పడితే నెలకు పది రూపాయలు. బొటనవేలు నొక్కితే దారి ఖర్చుల బత్తా. మణికట్టు పడితే, కాలో చెయ్యో దెబ్బ తిన్నా, జ్వరమొచ్చినా, దవాఖాన ఖర్చు కంపెనీది. ఇక ఒక్కొక్కరే వచ్చారు. మామ తువ్వాల కింద ఏజెంటు చెయ్యి పట్టి విని, డ్రైవరు చెయ్యి పట్టి చెప్పాడు. ప్రతివాడి చెవిలోనూ ఏజెంటు చివర ఒకే మాట ఊదాడట: నీకే అందరికంటే ఎక్కువిచ్చాను, బయట చెప్పకు.

దాంతో ఆ నెల మా పెబ్బేరులో ఒక వింత జరిగింది. ప్రతి డ్రైవరూ తనకే ఎక్కువ వస్తోందనుకుని, పాపం తక్కిన వాళ్ళు కదా అని చాయ్ తాగించడం మొదలుపెట్టాడు. నేనంటే నేనని చాయ్ పైసలకు పోటీ. కృష్ణయ్య ఇస్రాయేలుకు బన్ను కూడా తినిపించాడు, ఇస్రాయేలు కృష్ణయ్య భుజం తట్టి బీడీ ఇచ్చాడు. చాయ్ హోటలు బుజ్జమ్మ రెండో పొయ్యి వేసింది. ఇంతమంది దయగల డ్రైవర్లు ఏ దేశంలోనూ ఉండరనుకున్నాను నేను.

లారీలు నాగర్‌కర్నూల్ నుంచి, వనపర్తి నుంచి పల్లికాయ బస్తాలెత్తుకుని వనపర్తి రోడ్డు రైలు స్టేషనుకు చేరవేసేవి. మా ఇంట్లో గోధుమపిండి కనబడింది. నేను కడుపుతో ఉన్నాను, తినాలనిపించినదల్లా వచ్చేది. మధ్యలో అహ్మద్‌కు జ్వరం తగిలితే వనపర్తి దవాఖానలో కంపెనీయే ఖర్చు పెట్టుకుంది. ఆ సంగతి భాగ్యమ్మకు నేనే గొప్పగా చెప్పుకున్నాను. ఆమె విని, మా ఆయనకూ అట్లే ఉంటుందిలే అని సంతోషపడింది.

మాగి చలి ముదిరాక ఒక పొద్దున ఇస్రాయేలు లారీ నాగర్‌కర్నూల్ దారిలో ఎత్తు ఎక్కుతూ నిలిచిపోయింది. బొగ్గు కుళ్ళగిద్దామని డ్రమ్ము మూత తీశాడు. లోపల చేరిన గ్యాసు భగ్గుమని ఎగిసి కుడిచెయ్యి కాల్చేసింది. మనమైతే అక్కడే కూలబడి ఏడుస్తాం. ఆయన కాలిన చేతికి తలగుడ్డ చుట్టుకుని, ఎడమచేత్తోనే బండి స్టేషనుకు చేర్చి, బస్తాలు లెక్కజెప్పి దిగాడట. దశరథం వచ్చి చెప్పాడు ఈ మాట. అయినా ఏజెంటు ఏమన్నాడు? నీ బేరంలో దవాఖాన లేదన్నాడు. స్టీరింగు పట్టలేని డ్రైవరును మేపడం కంపెనీ వల్ల కాదు, శనివారానికి వేరేవాడు వస్తాడన్నాడు.

మరునాడు ఇస్రాయేలు మా వాకిట్లోకి వచ్చాడు. వెనకే భాగ్యమ్మ. చేతికి ఆముదం రాసి అరటాకు చుట్టి ఉంది. మామ బండ మీద కూచుని తువ్వాల మడతపెడుతున్నాడు.

"చిచ్చా, నా మణికట్టు నువ్వు పట్టలే. గది నాకు ఎరుకే" అన్నాడు ఇస్రాయేలు. "అందరికీ గట్లనే అనుకున్న. అహ్మద్ జరానికి కంపెనీ పైసలు పెట్టిందంటున్రు. ఒక్కటి చెప్పు చాలు. అందరి బేరం నా లెక్కనేనా?"

మామ తువ్వాల ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఒకరి బేరం ఒకరికి చెప్పలేను ఇస్రాయేలు. నేను పుట్టి నడిపేటోని లెక్క. ఈ ఒడ్డు మాట ఆ ఒడ్డుకు చేరేస్త, గంతే."

ఇస్రాయేలు తలూపాడు. కోపం కూడా రాలేదు ఆ మనిషికి. భాగ్యమ్మ మాత్రం కదల్లేదు. మొగని చెయ్యి మెల్లగా ముందుకు తెచ్చి మామ ముందు పెట్టింది.

"నువ్వు పట్టిన చెయ్యే గద సాబు ఇది" అంది.

ఆ ఒక్క మాటే అని ఇద్దరూ వెళ్ళిపోయారు. ఆ పూట మామ రొట్టె ముట్టలేదు. మీరు తినకపోతే నాకెట్లా ముద్ద దిగుతుందని గద్దించాను. ఆయన అప్పుడు నా మొహంలోకి చూశాడు.

"బేటీ, అహ్మద్ జీతం తగ్గితే ఇల్లు నడుస్తదా?"

నాకు విషయం ఒక్క ముక్కలో అర్థమైపోయింది. దళారి నోరు కట్టెయ్యడానికి ఏజెంటు దళారి కొడుక్కే అందరికంటే ఎక్కువ రాశాడు. గోడకు గీరిన మా ఆయనకు! నేను అబద్ధమాడలేదు. "నడవదు మామా" అన్నాను. ఆయన అవునన్నట్టు తలూపి బావి దగ్గరికి పోయి తువ్వాల ఉతుక్కున్నాడు. ఆ తువ్వాల ఇంకొకరిని ముట్టనిచ్చేవాడు కాదు ఎప్పుడూ.

శనివారం వచ్చింది. సంతనాడు బొగ్గు బస్తాలు ఎత్తుకోవడానికి కంపెనీ లారీలన్నీ పెబ్బేరు చేరేవి. ఏజెంటు పాక ముందు కుర్చీ వేసుకుని కూచున్నాడు, పక్కన ఇస్రాయేలు బదులు తెచ్చిన కొత్త డ్రైవరు. నేను బుజ్జమ్మ హోటలు తడిక వెనక నిలబడ్డాను. మామ ఉతికిన తువ్వాల భుజాన వేసుకుని వచ్చి, డ్రైవర్లందరినీ రమ్మన్నాడు. దళారి పిలిస్తే సంతలో ఎవరాగుతారు? పశువులు కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ కూడా చుట్టూ చేరారు.

మొదట కన్నకొడుకును పిలిచాడు. "చెయ్యియ్యి."

అహ్మద్ చెయ్యి చాచాడు, తువ్వాల కప్పుతాడనుకుని. తువ్వాల భుజం మీద నుంచి దిగలేదు. మామ ఆ చేతిని అందరికీ కనబడేటట్టు పైకెత్తాడు. పట్టపగలు, సంత నడిబొడ్డున, నాలుగు వేళ్ళు పట్టాడు. బొటనవేలు నొక్కాడు. మణికట్టు పట్టాడు. ఒక్క మాట లేదు. తరువాత మామ కృష్ణయ్య చెయ్యి పట్టి పైకెత్తాడు. మూడు వేళ్ళు, బొటనవేలు, అంతే. దశరథానికీ అంతే. ఒక్కొక్క చెయ్యీ ఎత్తి దించుతూ పోయాడు. చివరికి ఇస్రాయేలు దగ్గరికి వచ్చి, మంచిగున్న ఎడమచెయ్యి తీసుకుని పైకెత్తాడు. రెండు వేళ్ళు పట్టాడు. బొటనవేలి దాకా ఆయన చెయ్యి పోలేదు. మణికట్టు దాకా పోలేదు.

చాలా చూశాను నేను నా బతుకులో. రైలు వంతెన కింద పారే కృష్ణా నదిని చూశాను, నవాబు సవారీ చూశాను. ఆ పగటి వెలుగులో పైకెత్తిన ఆ రెండు వేళ్ళకంటే పెద్ద వింత ఇప్పటిదాకా చూడలేదు. ఆ దిబ్బ మీదికి లారీని ఎవరెలా ఎక్కించారో ఆ నిలబడ్డవాళ్ళంతా చూసినవాళ్ళే.

ఏజెంటు కుర్చీలోంచి లేచి, నీ కొడుకు నోట్లో నువ్వే మన్ను కొట్టుకుంటున్నావు జలాల్ సాబ్ అన్నాడు. మామ ఇస్రాయేలు చెయ్యి మెల్లగా కిందికి దించి, పక్కకు జరిగి నిలబడ్డాడు.

ముందు దశరథం కదిలాడు. లారీ దగ్గరికి పోయి, ఇంజను తిప్పి లేపే ఇనుప హ్యాండిలు పెరికి తెచ్చి, ఏజెంటు కుర్చీ ముందు పెట్టాడు. అది లేకపోతే లారీ ఒట్టి ఇనుమే. తరువాత కృష్ణయ్య తెచ్చాడు. తక్కినవాళ్ళూ తెచ్చారు. ఇనుము మీద ఇనుము పడుతున్న చప్పుడు. మా ఆయన మాత్రం ఉన్నచోటే ఉన్నాడు. అహ్మద్ పిరికివాడు కాడు, చెడ్డవాడు కాడు. ఇంట్లో గోధుమపిండి డబ్బా ఉంది, కడుపుతో ఉన్న పెళ్ళాం ఉంది. ఒకసారి హోటలు తడిక వైపు చూశాడు. నేను కనబడ్డానో లేదో నాకు తెలియదు. పోయి హ్యాండిలు తెచ్చి ఆ కుప్ప మీద వేశాడు. ఇక చేసేదేముంది, ఆ కొత్త డ్రైవరు కూడా తన చేతిసంచి తీసుకుని బుజ్జమ్మ హోటల్లో కూచున్నాడు.

పల్లికాయ బస్తాలు వనపర్తిలో గుట్టలు పడ్డాయి. రైలు వ్యాగన్లు ఖాళీగా నిలబడ్డాయి. రాయచూరు సేటు మనుషులు మెల్లగా వాసన పట్టి వచ్చి, మా దగ్గరికి రమ్మని డ్రైవర్లను బతిమాలసాగారు. పీర్ల పండుగ రాకముందే కంపెనీ దిగివచ్చింది. అందరికీ మూడు వేళ్ళు, అందరికీ బొటనవేలు, అందరికీ మణికట్టు. ఇస్రాయేలును వనపర్తి దవాఖానకు కంపెనీ లారీలోనే పంపారు. మా ఇంట్లో గోధుమపిండి పోయి మళ్ళీ జొన్నలు వచ్చాయి. నడవదన్నాను గానీ నడిచింది, ఈడ్చుకుంటూ నడిచింది. రొట్టె కొట్టినప్పుడల్లా మామను నాలుగు మాటలని, ఆయనకే ముందు వడ్డించేదాన్ని.

మామ దలాలీ మాత్రం ఆ శనివారంతోనే పోయింది. ఆయన చేసింది మంచి పనేనని అందరూ అన్నారు. అన్నవాళ్ళే చెయ్యి ఇంకో దళారికి ఇచ్చారు. నిజమే మరి, ఒకసారి తువ్వాల తీసినవాడు ఇంకోసారి తియ్యడని నమ్మకమేమిటి? అయినా ప్రతి శనివారం తువ్వాల భుజాన వేసుకుని పోయేవాడు, తన చోట కూచునేవాడు. సాయంత్రం ఉత్త చేతులతో వచ్చేవాడు.

ఎండలు ముదిరేవేళకు ఇస్రాయేలు చెయ్యి మానింది. మళ్ళీ స్టీరింగు పట్టాడు. కుడిచేతి చిటికెన వేలూ ఉంగరపు వేలూ మాత్రం అంటుకుపోయి ఒకటైపోయాయి. మల్దకల్‌లో అన్న కొత్తగా పట్టిన కౌలు సేద్యానికి ఒక ఎద్దు కొనిపెట్టాలని సంతకు వచ్చాడు. ఎద్దు నచ్చింది. అమ్మేవాడు తనకు తెలిసిన దళారిని పిలవబోతే ఇస్రాయేలు వద్దన్నాడు. జలాల్ చిచ్చా చేత బేరమైతేనే కొంటా, లేకుంటే ఎద్దును తోలుకుపొమ్మన్నాడు. ఆ రోజు నేను చంటిపిల్లను ఎత్తుకుని బుజ్జమ్మ హోటలు దగ్గరే ఉన్నాను.

మామ లేచాడు. అన్ని నెలల తరువాత తువ్వాల విప్పి దులిపాడు. ముందు అమ్మేవాడి చెయ్యి పట్టి ధర విన్నాడు. తరువాత ఇస్రాయేలు కుడిచెయ్యి తువ్వాల కిందికి తీసుకున్నాడు. తువ్వాల కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది. అంటుకున్న ఆ రెండు వేళ్ళను ఒకటిగా పట్టాలో రెండుగా పట్టాలో ఆయనకు తేలలేదు. నలభై ఏళ్ళలో ఏ చేతి దగ్గరా ఆయన అలా తడబడి ఉండడు. కొంతసేపు ఆ చేతిని అలాగే పట్టుకున్నాడు. తరువాత తువ్వాల తీసి భుజాన వేసుకుని, గొంతు సవరించుకున్నాడు.

"డెబ్బై రెండు రూపాయలు" అన్నాడు పైకే.

సంత సగం ఇటు తిరిగింది. మామ నోట ఒక ధర వినడం ఎవరికైనా అదే మొదలు. ఇస్రాయేలు సరేనన్నాడు, అమ్మేవాడు బిత్తరపోయి సరేనన్నాడు. ఎద్దు మల్దకల్ దారి పట్టింది.

ఆ సాయంత్రం మామ ఉప్పూ మిరపకాయలూ తెచ్చి నా ముందు పెట్టాడు. పాత అలవాటు కొద్దీ, ఉప్పు ఎంత పడింది మామా అని అడిగాను.

చెప్పాడు.